రోగికి దక్కినదాన్ని కూడా కేసు షీటులో రాయండి: వైద్యులకు, వైద్యవిద్య బోధించే ఆచార్యులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యులకు, ఆచార్యులకు నమస్కారాలు.

నేను చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో, అంటే శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడికి దిగే కీళ్లవాతంతో జీవిస్తున్నాను. ఈ లేఖలో మీ వైద్యం మీద ఫిర్యాదు లేదు. మీరు రాసిచ్చిన మందుల పుణ్యమా అనే ఈ మాటలు నా చేత్తో నేను రాసుకోగలుగుతున్నాను. నేను విన్నవించదలచినది ఇది: దీర్ఘకాల వ్యాధితోనో వైకల్యంతోనో బతికే మనుషుల్లో చాలామందికి నష్టాలతో పాటు కొన్ని లాభాలూ దక్కుతాయి, అవి నిజమైనవి, వాటిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల మా జీవితాల గురించి మీ అంచనాలు తప్పుతున్నాయి. అయితే ఆ లాభం పేరు చెప్పి మమ్మల్ని ఊరడించే అధికారం గాని, వైద్యంలో కోత పెట్టే అధికారం గాని ఎవరికీ లేదు. ఈ రెండో మాట లేకుండా మొదటి మాట మాత్రమే చెబితే అది మాకే ఎదురు తిరుగుతుంది కాబట్టి రెండింటినీ కలిపే రాస్తున్నాను.

నా జబ్బు తీవ్రతను మీరు కొలిచే పద్ధతి నాకు కంఠతా వచ్చు. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కీళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూసి, ఎన్నింట నొప్పి ఉందో, ఎన్నింట వాపు ఉందో లెక్క వేస్తారు. దానికి ఒంట్లో వాపు తీవ్రతను సూచించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీలలో ఒకదాని ఫలితాన్ని జోడిస్తారు. ఆ తర్వాత ఒక అడ్డగీత చూపించి, ఈ వారం మొత్తం మీద ఎలా ఉన్నానో దాని మీద గుర్తు పెట్టమంటారు. ఈ నాలుగూ సూత్రంలో వేస్తే ఒక అంకె వస్తుంది, ఆ అంకెను బట్టి మందు మారుస్తారో కొనసాగిస్తారో నిర్ణయిస్తారు. ఆ 28లో చీలమండలు లేవు, కాలివేళ్ల కీళ్లు లేవు. పొద్దున మంచం దిగి గులకరాళ్ల మీద అడుగు వేస్తున్నట్టుగా నడిచేవారి పాదాలు ఆ లెక్కకు కనబడవు. తక్కువ సమయంలో పూర్తయ్యేలా, ఎవరు చేసినా దాదాపు ఒకే ఫలితం వచ్చేలా కొలతను కుదించారని నాకు తెలుసు, దానితో నాకు పేచీ లేదు. కాని కొలతలో చోటు లేనిదానికి కేసు షీటులో చోటుండదు, కేసు షీటులో లేనిది పాఠంలోకి రాదు, పాఠంలో లేనిదాన్ని రేపటి వైద్యులు రోగిని అడగరు. పాదాల విషయంలో మీలో అనుభవజ్ఞులు ఈ లోపం గుర్తెరిగి, విడిగా చూస్తూనే ఉన్నారు. మాకు దక్కినదాని విషయంలో మాత్రం అలా విడిగా అడిగిన వైద్యులు నాకు ఇంతవరకు తారసపడలేదు.

లాభం అంటే ఏమిటో ఊహకు వదలకుండా నా మటుకు నేను చెబుతాను. ఈ జబ్బులో పొద్దుటి బిగుసుకుపోవడం మీకు తెలిసినదే. జబ్బు ఎక్కువగా ఉన్న రోజుల్లో గంటకు పైగా వేళ్లు ముడుచుకోవు, పిడికిలి పట్టదు. ఆ వేళలో నేను రెండు చేతులూ గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచుకుని కూర్చుంటాను. చేతులు నీళ్లలో ఉన్నంతసేపూ ఫోను పట్టుకోవడం కుదరదు, పేపరు తిరగేయడం కుదరదు, ఇల్లు సర్దడం కుదరదు. అలా ఏ పనీ లేకుండా కూర్చున్న నా దగ్గరికి మా అబ్బాయి వచ్చి కూర్చునేవాడు. మొదట్లో నీళ్లు చల్లారాయేమో చూసి మార్చడానికి వచ్చేవాడు, రాను రాను బడిలో జరిగినవి చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరితో గొడవైంది, ఏ మాస్టారు అందరి ముందూ ఏమన్నారు, లెక్కలంటే ఎందుకు భయం, ఇవన్నీ నాకు తెలిసింది ఆ గిన్నె పక్కనే. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో వాడి మాటలను నేను వంట చేస్తూనో ఫైలు చూస్తూనో వినేదాన్ని, వాడూ అంతే పొడిపొడిగా చెప్పేవాడు. ఇప్పుడు వాడికి పొద్దుటి నా గంట పూర్తిగా దొరికింది. జబ్బు మంచిదని నేను అనడం లేదు. ఈ చనువు మాత్రం జబ్బు దారినే వచ్చిందని, వేరే దారిలో వచ్చేదని నమ్మడానికి నాకు ఆధారం ఏదీ కనబడలేదని అంటున్నాను.

మరొకటి పనికి సంబంధించినది. రోగనిరోధక వ్యవస్థ దాడిని అదుపు చేసే మెథోట్రెక్సేట్ అనే మందును నేను వారానికి ఒకసారి వేసుకుంటాను. రోజూ కాదు, వారానికి ఒక్కసారే. ఈ తేడా ఎంత ముఖ్యమో మీకు చెప్పనక్కరలేదు గాని, ఈ లేఖ చదివే తోటి రోగుల కోసం రాస్తున్నాను. వేసుకున్న మర్నాడు వికారం, తల దిమ్ము, ఒళ్లు కూలబడినట్టుండే నీరసం. ఫోలిక్ ఆసిడ్ వేసుకున్నా కొంత ఉంటూనే ఉంటుంది. ఆ రోజు నా చేత పని కాదని ముందే తెలుసు. ఇవి కాక చెప్పాపెట్టకుండా జబ్బు పైకొచ్చే రోజులు ఉండనే ఉన్నాయి. దీనివల్ల గడువు చివరి రోజును నమ్ముకోవడం మానేశాను. ఏది నేను చేయాలి, ఏది వేరొకరికి అప్పగించాలి, ఏది అసలు ఎవరూ చేయనక్కరలేదు అని పని మొదట్లోనే విడదీసుకోవడం అలవాటైంది. ఆఫీసులో ఇప్పుడు కొత్తవారికి పని ప్రణాళిక నేర్పమని నన్నే పిలుస్తున్నారు. మొహమాటం కొద్దీ ఒప్పుకునే పనులకు కాదని చెప్పడం కూడా నాకు ఈ జబ్బుతోనే వచ్చింది, చెబితే బంధుత్వాలు తెగిపోవన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒకటి రెండు తెగాయి, వాటి గురించి బెంగ లేదు.

ఇతరుల సాయం తీసుకోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నావళుల్లో ఇది నష్టం పద్దులోనే పడుతుంది. చొక్కా గుండీలు మీరే పెట్టుకోగలరా, సీసా మూత మీరే తీయగలరా అని అడిగి, కష్టం లేకుండా అయితే సున్నా, అసలు చేయలేకపోతే మూడు వేస్తారు. ఇతరుల సాయం అవసరమైతే అంకె ఇంకాస్త పైకి పోతుంది. మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి అది సరైన లెక్కే. కాని జీవితం ఎలా ఉందో ఆ అంకె చెప్పదు. సాయం అడగడమంటే తల దించుకోవడమేనని నమ్మే ఇళ్లలో పెరిగినవాళ్లం మేము చాలామందిమి. అడగక తప్పని స్థితిలో అడిగి చూశాక, ఎదుటివారు దాన్ని భారంగా కాక చొరవగా తీసుకోవడం, తమ ఇబ్బందులు కూడా విప్పి చెప్పడం నేను పలుసార్లు చూశాను. మా ఆఫీసులో బయటికి కనబడని జబ్బులున్నవారు, ఒకరికి మూర్ఛ, ఒకరికి పేగుల జబ్బు, ఇంకొకరికి పైవారెవరికీ చెప్పుకోలేని మనోవ్యాధి, నా దగ్గరికి వచ్చి మాట్లాడతారు. నేను సలహాలిస్తానని కాదు, వంకర తిరిగిన నా వేళ్లు చూసి వీరికి అర్థమవుతుందనుకుని వస్తారు. అర్థమవుతుంది కూడా.

ఇదంతా ఒక్క మనిషి అనుభవం, దీని మీద శాస్త్రం నిలబడదని మీరనవచ్చు, అనాలి కూడా. అందుకే మీ పత్రికల్లో వచ్చినవాటినే గుర్తు చేస్తాను. అమెరికాలో అత్యవసర విభాగాల సిబ్బందిని, తీవ్రమైన వెన్నుపాము గాయంతో బతకవలసి వస్తే ప్రాణాలతో ఉన్నందుకు సంతోషిస్తారా అని అడిగితే అవునన్నవారు 18 శాతం. అదే గాయంతో నిజంగా బతుకుతున్నవారిని అడిగితే 92 శాతం. ఈ అధ్యయనం 1994 నాటిది, కాలం మారిందనుకుందాం. 2021లో అదే దేశంలో 714 మంది వైద్యులను అడిగిన సర్వే ప్రచురితమైంది. గణనీయమైన వైకల్యం ఉన్నవారి జీవన నాణ్యత ఇతరుల కంటే తక్కువ అని చెప్పినవారు 82.4 శాతం. ఈ రెంటికీ మధ్య, 1999లో, తీవ్రమైన వైకల్యంతో ఎంతోకాలంగా జీవిస్తున్నవారిని ఇద్దరు పరిశోధకులు కలిసి అడిగారు. సగానికి పైగా, 54.3 శాతం మంది, తమ జీవన నాణ్యత బాగుందని గాని చాలా బాగుందని గాని చెప్పారు. చూసేవారి అంచనాకు, జీవించేవారి మాటకు మధ్య ఉన్న ఈ ఎడాన్ని పరిశోధకులు వైకల్య వైరుధ్యం అన్నారు. వైరుధ్యం చూసేవారిలో ఉంది గాని మాలో లేదని నా అభిప్రాయం.

సర్వేలో మనిషి మర్యాద కోసం బాగున్నానంటాడేమోనన్న అనుమానానికి కూడా జవాబు ఉంది. డయాలిసిస్ మీద ఉన్నవారికి, వారి ఈడు ఆరోగ్యవంతులకు చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు ఇచ్చి, వారం పాటు అవి మోగినప్పుడల్లా ఆ క్షణంలో మనసెలా ఉందో నమోదు చేయించిన అధ్యయనం 2005లో వచ్చింది. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. డయాలిసిస్ రోగుల మనసు ఎలా ఉంటుందో ఊహించమన్నప్పుడు మాత్రం ఆరోగ్యవంతులు వాస్తవం కంటే ఎంతో దిగువన ఊహించారు. ఇంకా కఠినమైన స్థితి ఉంది. ఒళ్లంతా కదలిక పోయి, కంటి కదలికతోనే మాట చేరవేసే లాక్డ్ ఇన్ సిండ్రోమ్‌తో ఉన్నవారి జవాబులను బెల్జియం పరిశోధకులు 2011లో ప్రచురించారు. 65 మందిలో 47 మంది సంతోషంగా ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. జవాబిచ్చినవారి మాటే ఇది, ఇవ్వనివారి సంగతి ఇందులో లేదు. అయినా ఆ 18 మంది బాధకు దేనితో సంబంధం కనబడిందో చూడండి: బయట నలుగురిలో తిరగలేకపోవడం, వినోదానికి వీల్లేకపోవడం, మాట తిరిగి రాకపోవడం, ఆందోళన. ఇందులో సగానికి సగం చక్రాల కుర్చీ, దారి, తోడు, సంభాషణ పరికరం ఉంటే తగ్గేవే.

మీ అంచనా ఎందుకు తప్పుతుందో నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. మీరు మమ్మల్ని చూసేది ఓపీలో. నొప్పి ముదిరినప్పుడు, మందు వికటించినప్పుడు, పరీక్షల ఫలితం తేడాగా వచ్చినప్పుడు మేము అక్కడికి వస్తాం. బాగున్న రోజున రాము, వచ్చినా మూడు నిమిషాల్లో మందుల చీటీ తీసుకుని వెళ్లిపోతాం. ఏళ్ల తరబడి కష్టకాలాలనే వరసగా చూసిన వైద్యులకు మా జీవితమంతా కష్టకాలమే అనిపించడంలో వింత లేదు. జబ్బు లేనివారు ఊహించుకునేదేమో ఎప్పుడూ మొదటి రోజునే. వార్త తెలిసిన ఆ రోజు, కాళ్ల కింద నేల కదిలిన ఆ రోజు, అలాగే పదేళ్లు కొనసాగుతుందని వారు లెక్క వేస్తారు. మేము మాత్రం రెండో ఏట, ఐదో ఏట బతుకుతుంటాం. అప్పటికి చేతులు కొత్త పద్ధతులు నేర్చి ఉంటాయి, ఇల్లు సర్దుకుని ఉంటుంది, మనసు వేరే సంగతుల మీద ఉంటుంది.

దీనికి మీలో చాలామంది మనసులో ఉన్న అభ్యంతరం నాకు తెలుసు. అందని ద్రాక్షపండ్లు పుల్లన అన్నట్టు, పోయినదాన్ని తక్కువ చేసుకుని ఉన్నదాన్ని గొప్ప చేసుకోవడమే ఈ లాభమంతా అంటారు. ఇది కొట్టిపారేయదగిన అభ్యంతరం కాదు. ఆఘాతం తర్వాతి ఎదుగుదలను కొలవడానికి 1996లో అమెరికన్ మనస్తత్వవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హూన్ 21 ప్రశ్నల పట్టిక తయారు చేశారు. మనుషులతో సంబంధాలు, కొత్త అవకాశాలు, తనలోని బలం, ఆధ్యాత్మిక మార్పు, జీవితం విలువ తెలియడం అన్నవి అందులోని ఐదు పద్దులు. తర్వాత 2009లో కళాశాల విద్యార్థులను ఆఘాతానికి ముందు, తర్వాత కూడా పరీక్షించిన అధ్యయనం ఒకటి వచ్చింది. తాము ఎదిగామని విద్యార్థులు చెప్పుకున్నదానికి, ముందు వెనకల కొలతల్లో నిజంగా కనబడిన మార్పుకు పెద్దగా పొంతన కుదరలేదు. అంటే మనిషి తనకు జరిగిన మేలు గురించి చెప్పేదంతా అక్షరాలా తీసుకోవడానికి లేదు. నేను ఒప్పుకుంటాను. నేను ఎక్కువ ధైర్యవంతురాలినయ్యానో లేదో నాకే తెలియదు, ఎవరైనా అలా పొగిడితే ఇబ్బందిగా ఉంటుంది. అందుకే పైన నేను గుణాల గురించి చెప్పలేదు. మా అబ్బాయి పొద్దున్నే చెప్పే మాటలు, గడువుకు ముందే పూర్తయిన పనులు, నా బల్ల దగ్గరికి వచ్చే సహోద్యోగులు, ఇవి నేను ఊహించుకున్నవి కావు, ఇంకొకరు కూడా చూసి చెప్పగలిగినవి. పైగా పోయినవి నాకు పుల్లనేమీ కాలేదు. వేగంగా మెట్లు దిగడం, చంటిబిడ్డను ఒంటిచేత్తో ఎత్తుకోవడం, సన్నని కుట్టుపని, ఇవి ఈ రోజుకూ నాకు తీపివే. రేపు ఈ జబ్బును పూర్తిగా మాన్పే మందు వస్తే మొదటి వరసలో నిలబడతాను. జబ్బు దారిలో దక్కినదాన్ని విలువైనదని అనడానికి, ఆ జబ్బు వదిలిపోవాలని కోరడానికి మధ్య వైరం లేదు.

ఇప్పుడు రెండో మాట. దీన్ని మీరు మొదటిదాని కంటే గట్టిగా వినాలని నా మనవి. జబ్బు గుర్తించకముందు, సరైన మందు కుదరకముందు, నొప్పి నాకు ఏమీ నేర్పలేదు. ఆ కాలంలో నేను చిరాకుపడే మనిషిని, ఎవరి మాటా చెవికెక్కని మనిషిని, నిద్ర లేని మనిషిని. నాకు దక్కిందని చెప్పినవన్నీ మందు పనిచేయడం మొదలుపెట్టాక, వాపు దిగాక, రాత్రి వరుసగా నిద్ర పట్టాక మాత్రమే దక్కాయి. అదుపు లేని నొప్పి మనిషిని గదిలో బంధిస్తుంది తప్ప ఎదగనివ్వదు. నాకు లాభం కలగడానికి మంచి వైద్యం ఒక్కటే చాలలేదు. జీతం ఆగకుండా సెలవిచ్చిన యాజమాన్యం, పని పంచుకున్న ఇంటివారు, పక్కన కూర్చున్న అబ్బాయి, ఇంతమంది కావలసి వచ్చారు. ఇవేవీ లేనివారికి అదే జబ్బు కేవలం నష్టమే మిగల్చవచ్చు, ఎందరికో మిగులుస్తోంది. అటువంటివారిని చూసి వారు సరిగా ఆలోచించలేదని, మనసు దిటవు చేసుకోలేదని అనడం అన్యాయం.

ఒకసారి ఒక వైద్యుడు, పేరు అనవసరం, నొప్పి తగ్గడం లేదని నేను చెబుతుంటే మధ్యలో ఆపి, "ఈ జబ్బు మిమ్మల్ని ఎంత ఓర్పుగల మనిషిని చేసిందో చూశారా, ఇది కూడా ఒక వరమేనండీ" అన్నారు. మందు మోతాదు మార్చలేదు. ఆయన మాటలో అబద్ధం లేకపోవచ్చు, కాని ఆ మాట అనడానికి ఆయన ఎవరు? లాభం ఉందో లేదో, ఉంటే అది ఏమిటో, దాన్ని ఏ పేరుతో పిలవాలో చెప్పవలసింది జబ్బును మోసేవారు. ఆ మాట వైద్యుల నోట వస్తే ఆ క్షణం నుంచీ రోగి నొప్పి గురించి నోరు విప్పడానికి జంకుతారు, ఎందుకంటే ఇక విప్పితే ఓర్పు తక్కువ అన్నమాట పడుతుంది. వికలాంగుల చిత్రాలను ఇతరుల ఉత్సాహం కోసం గోడలకు అంటించడం కూడా ఇదే జాతికి చెందిన పని. మెట్లు ఎక్కలేనివారిని చూపించి ఆరోగ్యవంతులకు పట్టుదల బోధిస్తారు, ర్యాంపు మాత్రం కట్టరు.

ఈ ప్రమాదం మాటలతో ఆగేది కాదని, లెక్కల్లోకి కూడా వెళుతుందని మీలో ఆరోగ్య ఆర్థికశాస్త్రం తెలిసినవారు ఎరుగుదురు. ఒక చికిత్సకు డబ్బు వెచ్చించాలా వద్దా అన్నది తేల్చడానికి పలు దేశాలు, నాణ్యతను బట్టి సవరించిన ఆయుర్దాయాన్ని, అంటే బతికే ఏళ్లను ఆ ఏళ్లలో ఆరోగ్యం ఎలా ఉంటుందన్నదాన్ని బట్టి తూచగా వచ్చే అంకెను, లెక్కిస్తాయి. అందుకు ఎక్కువగా వాడే ఈక్యూ 5డీ పట్టికలో కదలిక, స్వంత పనులు, రోజువారీ వ్యాపకాలు, నొప్పి, ఆందోళన అనే ఐదు అంశాలుంటాయి. ఒక్కో స్థితికి విలువ కట్టేది సాధారణంగా ఆ స్థితిలో లేని మామూలు ప్రజలు. వారు కొన్ని స్థితులకు సున్నా కంటే తక్కువ, అంటే చావు కంటే హీనమని విలువ కడతారు. ఆ విలువలు వాడితే మా ప్రాణం నిలబెట్టే చికిత్సకు లాభం తక్కువని తేలుతుంది. సరే, మమ్మల్నే అడిగి, మేము చెప్పే ఎక్కువ విలువలు వాడదామంటే ఇంకో చిక్కు వస్తుంది. ఉన్న స్థితే అంత బాగుంటే దాన్ని మెరుగుపరిచే మందు వల్ల పెరిగేది కొద్దిపాటే కదా అని ఆ మందుకు డబ్బు తగ్గుతుంది. జబ్బును సర్దుకుని బతకడం నేర్చుకున్నందుకు రోగికి పడే జరిమానా ఇది. ఈ చిక్కుకు సూత్రంతో పరిష్కారం దొరుకుతుందని నేననుకోవడం లేదు. ప్రాణం నిలిపే విషయంలో మా మాట తీసుకోండి, బాధ తగ్గించే విషయంలో మా సర్దుబాటును మాకు వ్యతిరేకంగా వాడకండి అని మాత్రం అడుగుతున్నాను.

మరి మా మాట వింటే శాస్త్రానికి కలిసొచ్చేదేమైనా ఉందా అంటే, మా జబ్బు చరిత్రలోనే ఉదాహరణ ఉంది. కీళ్లవాతం మందుల పరీక్షల్లో ఏమేమి కొలవాలో తేల్చే అంతర్జాతీయ వేదిక ఓమెరాక్ట్ 2002లో బ్రిస్బేన్‌లో జరిపిన సదస్సుకు మొదటిసారిగా రోగులను సభ్యులుగా పిలిచింది. నిపుణులు అప్పటిదాకా నొప్పి, వాపు, కదలిక చుట్టూ తిరుగుతుంటే, రోగులు తమకు అన్నింటికంటే ముఖ్యమైన వాటిలో ఒకటి అలసట అన్నారు. నిద్రపోయినా తీరని, విశ్రాంతికి లొంగని అలసట. కొలత జాబితాలో దానికి అప్పటికి చోటు లేదు. కొద్ది ఏళ్లలోనే, వీలైన ప్రతి పరీక్షలోనూ అలసటను కొలవాలని ఆ వేదికే సిఫారసు చేసింది. జబ్బుతో బతకడం వల్ల కలిగిన తెలివిడి అది, అది కూడా లాభమే, రోగికే కాక మీకు కూడా. అంధుల లిపి సంగతి తీసుకోండి. చూపున్నవారు కంటికి అలవాటైన అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చు వేసి అంధ విద్యార్థుల చేతికిచ్చేవారు. వేలికొనకు ఒక్క తాకుడులో అందేది ఏమిటో తెలిసినది చూపు లేని లూయీ బ్రెయిలీకి. ఆయన ఆరు చుక్కల లిపిని 1829లో ప్రచురించినా, ఆయన చదివి, పాఠాలు చెప్పిన పారిస్ సంస్థ దాన్ని అధికారికంగా స్వీకరించింది 1854లో, ఆయన పోయిన రెండేళ్లకు. అధికారంలో ఉన్నవారు వినడానికి పట్టిన కాలం అది.

ఇంతకీ మిమ్మల్ని నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. దీర్ఘకాల వ్యాధి ఉన్నదని మొదటిసారి చెప్పేటప్పుడు, రాబోయే నష్టాల జాబితాతో పాటు, ఇదే జబ్బుతో ఏళ్లుగా బతుకుతున్నవారిలో చాలామంది తమ జీవితం బాగుందంటున్నారన్న వాస్తవం కూడా చెప్పండి. ఊరడింపుగా కాదు, రక్తపరీక్ష ఫలితం చెప్పే గొంతుతోనే చెప్పండి. వారు ఒప్పుకుంటే అటువంటివారిలో ఒకరితో మాట్లాడించండి. మీకు లాభం కలిగిందా అని మొదటి ఏడాది మాత్రం ఎవరినీ అడగకండి, ఆ ప్రశ్న అప్పుడు దెబ్బ తగిలినట్టుంటుంది. జబ్బు అదుపులోకి వచ్చాక, ఏడాదికొకసారి జరిగే వివరమైన ఫాలోఅప్‌లో, "ఈ జబ్బుతో బతుకుతూ మీరు నేర్చుకున్నది, ఇతరులకు తెలియాలనుకునేది ఏమైనా ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబును రోగి మాటల్లోనే కేసు షీటులో రాయండి. ఏమీ లేదంటే ఏమీ లేదనే రాయండి. దానికి మార్కులు వేయకండి. మార్కులు పెడితే అది మేము నెగ్గవలసిన ఇంకో పరీక్ష అవుతుంది, నెగ్గనివారిని జబ్బుతో పాటు ఆ సిగ్గు కూడా కుంగదీస్తుంది.

ఆచార్యులకు ప్రత్యేకంగా ఒక మనవి. కొన్ని వైద్య కళాశాలల్లో కీళ్లవాతం ఉన్నవారే శిక్షణ పొంది, తమ చేతుల మీదే విద్యార్థులకు కీళ్లను పరీక్షించడం నేర్పుతున్నారు. ఎంత గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తుందో, ఎంత నొక్కితే అనవసరంగా బాధిస్తుందో వారికంటే ఎవరు బాగా చెప్పగలరు? ఆ గంటను మరికొంత పొడిగించి, కీళ్లను వదిలేసి, ఆ జబ్బుతో రోజు ఎలా గడుస్తుందో, ఏమి పోయిందో, ఏమి దక్కిందో కూడా వారి చేతనే చెప్పించండి. ముప్పై ఏళ్ల పాటు మాలాంటివారి భవిష్యత్తు మీద తీర్పులు చెప్పబోయే విద్యార్థులు, కేసుగా కాక పాఠం చెప్పే గురువుగా ఒక రోగిని ఒక్కసారైనా చూసి ఉండాలి. ఎంపికలో ధైర్యవంతులని పేరుపడినవారినే పిలవకండి, జబ్బు వల్ల తమకు ఏ మేలూ జరగలేదని ఖండితంగా చెప్పేవారిని కూడా పిలవండి. వారిని అతిథులుగా దండ వేసి పంపించేయకుండా, ఆ గంటకు మీ ఇతర బోధకులకు ఎంత పారితోషికం ఇస్తారో అంతే వారికీ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కీళ్లవాతంతో జీవిస్తున్న మీ రోగుల్లో ఒకరు